ఏత్వం పోయిన నోటీసు

మడ మీద గది, స్కూలు వెనక వీధి
జూన్ 16

అక్కా,

ఉద్యోగంలో చేరిపోయాను. ముప్పై రెండేళ్ళకి నీ తమ్ముణ్ణి ఎవరో 'సార్' అన్నారు. ఎవర్నా అని వెనక్కి తిరిగి చూశాను. నువ్వు చెప్పినట్టే ఫోను పక్కన పెట్టి ఉత్తరం రాస్తున్నాను. "డ్రిల్ మాస్టారంటే వారానికో నోటీసు రాయాలి, నీ రాత చూస్తే పిల్లలు నవ్వుతారు, నాకు ఉత్తరాలు రాసి చేయి తిప్పుకో" అన్నావుగా. ఇదిగో, దిద్దుకో.

గది బాగుంది. మంచం, కుర్చీ, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా. కిటికీలోంచి స్కూలు మైదానం మొత్తం కనిపిస్తుంది. ఒక మూల వాలీబాల్ స్తంభాలు రెండున్నాయి, ఒకటి కాస్త వంగింది. వల స్టోర్ రూములో దొరికితే ఎలుకలు కొరికినచోటల్లా తాడుతో ముడులేశాను. బంతి ఒక్కటే. గాలి కొడితే నిలుస్తోంది, అదే పదివేలు.

అసలు సంగతికొస్తా. ఈ స్కూల్లో ఆడపిల్లలు నూట ముప్పై ఏడు మంది. వాళ్ళకి వారానికి రెండు డ్రిల్ పీరియడ్లు. మైదానంలో మాత్రం మచ్చుకి ఒక్కరు కూడా కనపడరు. గంట కొట్టగానే అబ్బాయిలు దొమ్మీగా వచ్చి పడతారు. అమ్మాయిలు నీళ్ళలో ఉప్పులా ఎటు కరిగిపోతారో తెలీదు.

పెద్ద మడమ్ గారు మొదటిరోజే తేల్చేశారు. "చూడండి మాస్టారూ, మూడేళ్ళుగా అమ్మాయిల జట్టే లేదు. వాడని పీరియడు ఎందుకు? సెప్టెంబర్లో స్కూళ్ళ పోటీలున్నాయి. ఆగస్టు ఆఖరుకి అమ్మాయిల జట్టు పేర్లు ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఆ రెండు పీరియడ్లూ లెక్కలకి ఇచ్చేస్తాను" అన్నారు. పక్కనే నిలబడ్డ లెక్కల మాస్టారు, పక్కింటి స్థలం మీద కన్నేసినవాడిలా నన్ను చూసి నవ్వాడు.

క్లాసు క్లాసుకీ వెళ్ళి అడిగాను. "ఆడటం ఎవరికిష్టం? చెయ్యెత్తండి!" అబ్బాయిలవి రెండేసి చేతులు లేచాయి. అమ్మాయిల్లో ఉలుకూ పలుకూ లేదు. "ఇష్టమైతేనే రండమ్మా, బలవంతమేం లేదు" అని బతిమాలాను కూడా. తలలు దించుకున్నారు.

నీకూ చిన్నప్పట్నుంచీ ఆటలంటే ఇష్టం లేదు కదా, నువ్వే చెప్పు. ఎందుకని అక్కా? నాకు నిజంగా అర్థం కావట్లేదు.

నీ తమ్ముడు


ప్రెస్సు, ప్రూఫుల బల్ల
జూన్ 24

తమ్ముడూ,

ఇక్కడ అందరం క్షేమం, నా కళ్ళద్దాలు తప్ప. కాడ విరిగితే దారం కట్టి లాక్కొస్తున్నాను. మీ బావ కొత్తవి కొనుక్కోమంటున్నారు. మా అత్తగారు ఆ దారం ముడి తను వేసిందని, కొంటే ఊరుకోనంటున్నారు.

నీ ఉత్తరంలో తప్పులు రెండే, రెండూ ఒకే జబ్బు. పలక పట్టిన రోజు నుంచీ నీకు ఏత్వమంటే పడదు. మేడ మీద గది అని రాయబోయి మడ మీద గది అని రాశావు. బురదలో ఇల్లు తీసుకున్నావా? అంతకంటే ఘోరం, పెద్ద మేడమ్ అనబోయి పెద్ద మడమ్ అన్నావు. నాకు కాలి మడమే గుర్తొచ్చింది, నవ్వాపుకోలేక ప్రూఫు మీద టీ ఒలకబోశాను. ఇకనుంచి నాకావిడ మడమగారే.

"ఒక్క గుర్తేగా అక్కా" అంటావు. మొన్న ఒక పళ్ళ డాక్టరు కరపత్రంలో 'నొప్పి ఉండదు' అనాల్సింది 'నొప్పి ఉండును' అని వచ్చింది. నేను పట్టుకోకపోతే ఆయన కొట్టు కట్టేసుకునేవాడు. అక్షరంతో ఆటలొద్దు.

నాకు ఆటలంటే ఇష్టం లేదన్నావు. సరే.

నీ పిల్లల విషయం. అడగడం మానేసి చూడు. మైదానంలో లేరంటే ఇంకెక్కడో ఉన్నారనేగా? ఎక్కడున్నారు, అక్కడ వాళ్ళ కాళ్ళూ చేతులూ ఏం చేస్తున్నాయి? ప్రూఫు చదివేవాళ్ళు మాట మొత్తం చదివితే తప్పు కనపడదు, అక్షరం అక్షరం చూడాలి. నువ్వూ అలాగే చూడు.

మా ప్రెస్సు ఎదురుగా ఖాళీ మైదానం ఉందిగా, అందులో ఈమధ్య ఆదివారాలు ఆడవాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారట. ఆస్పత్రి నర్సులు, కూరల కొట్టావిడ, ఇంకెవరెవరో. సోమవారం వచ్చేసరికి మా రేకు తలుపు మీద బంతి ముద్రలుంటున్నాయి. ఓనరు గొణుగుతున్నాడు. నిన్నటికి పదకొండు.

అక్క


స్కూలు స్టోర్ రూము
జూలై 13, శనివారం

అక్కా,

ఇవాళ జరిగింది చెప్తే నువ్వు నమ్మవు. నిలబడే రాస్తున్నాను, కూర్చుంటే కుదురు రావట్లేదు.

ముందు నువ్వు చెప్పిన పని. రెండు వారాలు నోరు మూసుకుని చూశాను. డ్రిల్ పీరియడులో అమ్మాయిలు కుళాయి దగ్గర గుంపుగా ఉంటారు, కానీ నీళ్ళు తాగరు! సీసా మూత ఒకటి కింద పెట్టి అటు ఏడుగురు ఇటు ఏడుగురు కాలితో తంతారు. మూత కాలవలో పడకూడదు, అదీ ఆట. ఎవరైనా వస్తున్నారంటే చాలు, మూత మీద కాలు పెట్టి సీసా నోటికెత్తుతారు. అబ్బ, ఏం నటనలే!

పాత భవనం మెట్ల దగ్గర ఇంకో వింత. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, పొడుగ్గా, మోకాలి మీద మచ్చతో ఉంటుంది. ఆరో మెట్టు మీంచి కిందికి దూకుతుంది. మళ్ళీ నేల మీంచి ఎగిరి పైన చూరు తాకుతుంది. చూరు కింద గోడ మీద సుద్దముక్కతో గీతలున్నాయి, గీత గీతకీ తేదీ. అందరూ వెళ్ళాక టేపు పట్టుకెళ్ళి కొలిచాను. నేనెగిరితే అందే ఎత్తుకి నాలుగు వేళ్ళే తక్కువ! ఆ పిల్లకి 'మెట్లపిల్ల' అని నాలో నేనే పేరు పెట్టుకున్నాను.

అంటే ఇష్టం లేక కాదు. మరేంటి?

ఇక ఇవాళ్టి సంగతి. ఎలాగూ అమ్మాయిలు రారు, ముందు అబ్బాయిల జట్టు ఎంపికైనా కానిద్దామని మొన్న నోటీసు రాశాను. 'ఆడే పిల్లలందరూ శనివారం చివరి రెండు పీరియడ్లు మైదానానికి రావాలి' అని. అటెండర్ క్లాసు క్లాసుకీ వెళ్ళి చదివాడు. ఇవాళ ఈల మెళ్ళో వేసుకుని నిలబడ్డాను. తలుపులు తెరుచుకున్నాయి. వరసలు కట్టి ఆడపిల్లలు! లెక్కపెట్టాను, నూట ఇరవై ఒక్క మంది. అబ్బాయి అన్నవాడు ఒక్కడు లేడు, అందరూ కిటికీలకి వేలాడుతున్నారు. కొందరు నోటు పుస్తకాలు తెచ్చారు. ఒకమ్మాయి ఎందుకైనా మంచిదని చీపురు తెచ్చింది.

"ఏంటమ్మా మీరంతా?" అన్నాను.

"నోటీసు సార్. ఆడపిల్లలందరూ రావాలన్నారుగా."

పరిగెత్తి చూస్తే నా చేతిరాతే. ఏత్వం ఎగిరిపోయింది. ఆడే పిల్లలు కాస్తా ఆడపిల్లలయ్యారు.

నాకు బుర్ర పనిచెయ్యలేదు. చేతిలో బంతి ఉంది. "సరే, ఒక్కొక్కరూ వచ్చి ఒక్కసారి బంతిని వల మీంచి అవతలికి కొట్టండి" అన్నాను. మొదటి పదిమందీ కొట్టింది వలలోనే పడింది. పదకొండో అమ్మాయి కొట్టింది అవతలికి వెళ్ళింది, వరస మొత్తం అరిచింది. చీపురమ్మాయి పిడికిలితో కొడితే గీత దాటి పోయింది. ఆ అమ్మాయి చీపురు పైకెత్తి మైదానం చుట్టూ పరిగెత్తింది. మెట్లపిల్ల తన వంతు రాగానే కొట్టి, వెళ్ళి వరస చివర్లో మళ్ళీ నిలబడింది. దొంగ! చివరి గంట కొట్టేసరికి ఇంకా పంతొమ్మిది మంది మిగిలారు. "గంట కొట్టారు, ఇళ్ళకెళ్ళండమ్మా" అన్నాను. "మా వంతు రాలేదు సార్" అని కదల్లేదు.

పెద్ద మేడమ్ (చూడు, సరిగ్గా రాశాను) పిలిచి, స్కూలు నోటీసులో అక్షరదోషమా, సోమవారం దిద్దండి అన్నారు. నాకూ ఇష్టం లేనివాళ్ళని రమ్మనడం సబబు కాదనిపిస్తోంది. సోమవారం కొత్తది రాస్తాను. ఈ పాత నోటీసు నువ్వు నవ్వుకోవడానికి జతచేస్తున్నాను.

నీ తమ్ముడు


ప్రెస్సు
జూలై 18

తమ్ముడూ,

నోటీసు చూసి కడుపుబ్బా నవ్వాను. కంపోజింగ్ అమ్మాయి ఏమైందండీ అని లేచి వచ్చింది. చూపిస్తే అదీ నవ్వింది. నవ్వు ఆగాక ఆ కాగితం మళ్ళీ చదివాను.

దిద్దకు.

సోమవారమే అన్నావు, ఇది అందేసరికి దిద్దేసే ఉంటావు. అయినా చెప్తున్నాను. ఇరవై ఏళ్ళుగా తప్పులు దిద్ది బతుకుతున్నదాన్ని, ఒక తప్పుని అలాగే ఉండనివ్వమని చెప్పడం ఇదే మొదటిసారి. ఎందుకంటే ఇవాళ రాయలేను. పత్రిక పేజీలు సాయంత్రానికి వెళ్ళిపోవాలి.

అబద్ధం. పేజీలు రేపు. రాయలేను, అంతే.

మొన్న ఆదివారం ఓవర్ టైం ఉందని ఇంట్లో చెప్పి ప్రెస్సుకొచ్చాను. పనేం లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆ ఆడవాళ్ళ ఆట చూశాను. కూరల కొట్టావిడకి బలం ఉంది గానీ సర్వీసు చేసేటప్పుడు మోచెయ్యి వంగిపోతోంది. భుజం కంటే మోచెయ్యి ముందు దిగితే బంతి వలలో కాక ఇంకెక్కడ పడుతుంది? చెప్పేవాళ్ళు లేరు. ముద్రలు ఇరవై ఆరు.

అక్క


మేడ మీద గది
జూలై 28

అక్కా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. సోమవారమే దిద్దేశాను. కొత్త నోటీసులో ఎర్ర సిరాతో ఏత్వం ఇంత లావున పెట్టాను. కింద 'ఇష్టమున్నవారు మాత్రమే' అని కూడా రాశాను, న్యాయంగా ఉండాలని.

నిన్న శనివారం పదకొండు మంది అబ్బాయిలొచ్చారు. అమ్మాయిలు సున్నా.

సున్నా అంటే, ఒకరొచ్చారు. మెట్లపిల్ల. గీత బయట నిలబడి అడిగింది. "సార్, ఈవారం ఆడపిల్లలు రానక్కర్లేదా?"

"ఇష్టముంటే రావచ్చమ్మా. రా, రా."

"ఇష్టముంటేనా?" అంది. నేల చూసింది. "మరి ఇంట్లో ఏం చెప్పాలి సార్?"

"నాకు ఆట ఇష్టం అని చెప్పు!" అన్నాను హుషారుగా. నా మాట విని ఆ పిల్ల నాకేసి ఎలా చూసిందనుకున్నావ్! చిన్నపిల్లాడు తెలీక ఏదో వాగితే పెద్దవాళ్ళు చూస్తారే, అలా. "సరే సార్" అని వెళ్ళిపోయింది. తరవాత మెట్ల దగ్గర చూశాను, గీతలన్నీ తడిగుడ్డతో తుడిచేసి ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలీదు. ఆ పిల్ల అడిగిందేంటి, నేను చెప్పిందేంటి? నేనేం తప్పు మాట అన్నాను? ఇంకా నాలుగు వారాలే ఉంది. లెక్కల మాస్టారు అప్పుడే ఆ పీరియడ్లకి టైం టేబుల్ గీసుకున్నాడు.

నువ్వు ఎందుకో తరవాత చెప్తానన్నట్టు ఊరించావు. చెప్పు. ఇంకోటి. డ్రిల్ కోర్సులో సర్వీసు సంగతి నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది. మోచెయ్యి భుజం కంటే ముందు దిగకూడదని ఆటంటే ఇష్టం లేని నీకెలా తెలుసు?

నీ తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు 4

ఒరే తమ్ముడూ,

ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ప్రెస్సులో రాస్తే కళ్ళు తుడుచుకోవడం అందరూ చూస్తారు.

నీకప్పుడు ఆరేళ్ళు, నాకు పద్నాలుగు. మా స్కూలు డ్రిల్ టీచరమ్మ ఒకరోజు సాయంత్రం మనింటికొచ్చింది. నాన్న కుర్చీ వేశాడు. ఆవిడ, "మీ అమ్మాయి సర్వీసు మా స్కూల్లో ఇంకెవరికీ లేదండీ, పోటీలకి తీసుకెళ్తాను, నాలుగు రోజులు పంపిస్తారా?" అంది. నాన్న మంచివాడు, నీకు తెలుసుగా. కాదనలేదు. నా వైపు తిరిగి, "నీకిష్టమైతే వెళ్ళమ్మా" అన్నాడు.

ఎంత మంచి మాటరా అది! ఆ మాటే నన్ను ముంచింది.

అమ్మ అప్పుడు మిల్లులో రెండు షిఫ్టులు చేస్తోంది. నీకు దగ్గు, నా ఒళ్ళో ఉన్నావు. మామ్మ గుమ్మంలో కూర్చుని వింటోంది. ఇష్టం అంటే, నీళ్ళు మోసేది ఎవరు? నిన్ను చూసుకునేది ఎవరు? చెయ్యి విరిగినా, మార్కులు తగ్గినా, వీధిలో ఎవరైనా ఏదైనా అన్నా, "నువ్వేగా ఇష్టమన్నావు" అంటారు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. అందరి సుఖం ఒక పక్క, నా ఇష్టం ఒక పక్క పెట్టి, ఏది కావాలో నన్నే చెప్పమన్నారు. పద్నాలుగేళ్ళ పిల్ల ఏం చెప్తుంది? "నాకిష్టం లేదు" అన్నాను. టీచరమ్మ లేచి వెళ్ళిపోయింది. మామ్మ నన్ను బంగారు తల్లి అంది.

ఆవిడే గనక, "అమ్మాయి రావాలండీ, స్కూలు రూలు" అని ఉంటే? నాన్న, "ఏం చేస్తాం, స్కూలువాళ్ళు రమ్మన్నారు" అనేవాడు. అమ్మ తిట్టుకుంటూనే సంచి సర్దేది. మామ్మ స్కూలుని తిట్టేది, నన్ను కాదు. నేను ఏడుపుమొహం పెట్టుకుని వెళ్ళి, బస్సెక్కాక నవ్వేదాన్ని.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. అడగడానికి నోరు రానివాళ్ళ సంగతి మాత్రం ఆ సామెతలో లేదు. నీ మెట్లపిల్ల అడిగింది అదే. ఇంట్లో చెప్పడానికి ఆ పిల్లకి ఒక ఆర్డరు కావాలి. నువ్వు ఇచ్చింది ఇష్టం. నూట ఇరవై ఒక్క మందికి నీ తప్పు ఒక గొడుగు పట్టింది, దాన్ని నువ్వే ఎర్ర సిరాతో చింపేశావు.

నువ్వు నా ఒళ్ళో కూర్చుని ఆ మాట విన్నావు. అందుకే, అక్కకి ఆటలంటే ఇష్టం లేదని ఇరవై ఆరేళ్ళుగా అంటున్నావు. నీ తప్పు కాదు. కానీ మొదటి ఉత్తరంలో ఆ మాట చూసి నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. నీ మీద కాదు. అంతమందిలో ఒక్కరూ అది అబద్ధమని కనిపెట్టలేదే అని. చివరికి నేను కూడా నమ్మేశాను. కిటికీ దగ్గర కూర్చునేదాకా.

నీ పాత నోటీసు వెనక్కి పంపుతున్నాను. 'ఆడపిల్లలందరూ' అన్న మాట కింద నేను పెట్టిన చుక్కలు చూడు. ప్రూఫుల్లో తప్పనుకున్న మాట కింద అలా చుక్కలు పెడితే, ఇది ముట్టుకోవద్దు, ఉన్నదున్నట్టు ఉంచండి అని అర్థం. మడమగారికి చూపించు.

అక్క


స్కూలు స్టోర్ రూము
సెప్టెంబర్ 15

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. నీ ఒళ్ళో కూర్చున్నది గుర్తుంది నాకు. టీచరమ్మ చేతిలో ఈల గుర్తుంది. నువ్వు ఇష్టం లేదన్నాక నేను చప్పట్లు కొట్టాను, నువ్వు ఎక్కడికీ వెళ్ళట్లేదని. అది నువ్వు రాయలేదు. మర్చిపోయావో, దాచావో. నన్ను క్షమించమని అడగను, అడిగితే తన్నుతావు.

మర్నాడే నీ చుక్కల కాగితం తీసుకుని పెద్ద మేడమ్ గదికి వెళ్ళాను. దిద్దమన్న తప్పు మళ్ళీ తెచ్చారేంటని ముక్కు మీద వేలేసుకున్నారు. చుక్కల సంగతి చెప్పాను. నీ కథ చెప్పలేదు. ఇళ్ళలో ఏం జరుగుతుందో మాత్రం చెప్పాను. ఆవిడ చాలాసేపు కాగితం చూశారు.

"ఎవరీవిడ?"

"మా అక్కండీ."

"ఏం చేస్తుంటారు?"

"తప్పులు దిద్దుతుంటారు."

"మాస్టారూ, నేను చదువుకునే రోజుల్లో మా నాన్నగారు కూడా నన్ను అన్నీ అడిగే చేసేవారు" అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పెన్ను తీసి, 'ఆడపిల్లలందరూ రావాలి. ఇది స్కూలు ఉత్తర్వు' అని తనే రాసి, సంతకం పెట్టి, సీలు కూడా గుద్దారు. గుద్దిన చప్పుడుకి పక్క గదిలో లెక్కల మాస్టారు ఉలిక్కిపడ్డాడట!

నాకు ఒక్కటే బెంగ ఉండేది, నిజంగా ఇష్టం లేనివాళ్ళ గతేంటని. అందుకని పద్ధతి తిరగేశాను. ఆడనివాళ్ళు వచ్చి నాతో ఒక్కరే, చెవిలో చెప్తే చాలు, 'మాస్టారే వద్దన్నారు' అని నేను రాసిస్తాను. పద్నాలుగు మంది చెప్పారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు స్కోరు రాస్తున్నారు, ఒకమ్మాయి లైబ్రరీలో కూర్చుని హాయిగా చదువుకుంటోంది. మిగిలినవాళ్ళకి ఒక్క బంతి చాలక, పాత బంతులు తెచ్చివ్వమని ఊళ్ళో ఇల్లిల్లూ తిరుగుతున్నాను.

గడువుకి రెండు రోజుల ముందు మెట్లపిల్ల నాన్న వచ్చాడు. వెల్డింగ్ పని చేస్తాడు, చేతులనిండా మచ్చలు. "మాకిష్టం లేదు సార్. కానీ ఏం చేస్తాం, రూలంట కదా" అని సంచిలోంచి కొత్త బూట్లు తీశాడు. ఒక సైజు పెద్దవి, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయట! మైదానంలో వంగిన స్తంభం చూసి, "ఇదేంటి సార్ ఇలా ఉంది" అని మర్నాడు మిషను తెచ్చి నిటారుగా నిలబెట్టి వెళ్ళాడు. ఇష్టం లేకుండానే!

పేర్లు ఇచ్చాం. పోటీలకి వెళ్ళాం. మొదటి ఆటలోనే ఓడిపోయాం. అయినా ఒక సెట్టు గెలిచాం అక్కా, ఆఖరి పాయింటు మెట్లపిల్లది. తిరుగు బస్సులో వాళ్ళ పాటల గోలకి డ్రైవరు దారి తప్పాడు. డ్రిల్ పీరియడ్లు అమ్మాయిలకే ఉన్నాయి. మెట్ల దగ్గర గోడ మీద మళ్ళీ గీతలు పడ్డాయి, ఈసారి పక్కన పేరు కూడా.

కింద నోటీసు నీకు. సీలు మైదానం సామాన్ల మీద వేసేది, అయినా సీలు సీలే.

నోటీసు
మా ఇంటి ఆడేవాళ్ళందరూ వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు ప్రెస్సు ఎదురుగా ఉన్న మైదానానికి రావాలి. ఇష్టంతో నిమిత్తం లేదు. రాలేనివారు కారణం రాసి పంపాలి, తప్పుల్లేకుండా.
డ్రిల్ మాస్టారు

నీ తమ్ముడు


ప్రెస్సు ఎదుటి మైదానం, బెంచీ
సెప్టెంబర్ 22, ఆదివారం

తమ్ముడూ,

చప్పట్లు కొట్టావు. నాకు గుర్తుంది. ఆ చిన్న చేతుల మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదురా.

నోటీసు ఇంట్లో బల్ల మీద పెట్టాను. మీ బావ చదివారు. "సీలుంది. ఏం చేస్తాం మరి, వెళ్ళాలి కదా" అని ఆదివారం వంట తనదే అన్నారు. ఉప్పు ఎక్కడుందని మూడుసార్లు అడిగారులే. మా అత్తగారు నోటీసు అటూ ఇటూ తిప్పి, "అందరూ అని ఉంది. నేనూ రావాలా?" అన్నారు. రావాలన్నాను. ఇదిగో, నా పక్కనే బెంచీ మీద కూర్చుని నర్సులకి స్కోరు తప్పు చెప్తున్నారు.

కూరల కొట్టావిడ బంతి నా చేతికిచ్చింది. బంతి బరువు నేను మర్చిపోయాను, చేతికి మాత్రం గుర్తుంది. మొదటిది వలలో పడింది. రెండోది వల దాటి, గీత దాటి, రోడ్డు దాటి మా రేకు తలుపుకి ఢామ్మని తగిలింది. ముద్రలు నలభై మూడు, నలభై మూడోది నాది. రేపు ఓనరు గొణిగితే నేనూ కలిసి గొణుగుతాను.

"ఇంతకు ముందు ఆడేవారా?" అని అడిగిందావిడ. "ఇష్టమా మీకు?"

చుట్టూ అందరూ నా మొహంలోకే చూశారు, ఆరోజులాగే. "చాలా ఇష్టం" అన్నాను. ఎవరికీ ఏం కాలేదు తమ్ముడూ. ఆవిడ మోచెయ్యి ఎలా పెట్టాలో చూపించమంది. చూపించాను.

నీ నోటీసులో ఒక తప్పుంది. 'ఆడవాళ్ళందరూ' అని రాయాల్సిన చోట 'ఆడేవాళ్ళందరూ' అని రాశావు. పుట్టి బుద్ధెరిగాక నీ రాతలో ఒక ఏత్వం ఎక్కువ పడటం ఇదే మొదలు. పొరపాటో, కావాలని పెట్టావో నేను అడగను. ఆ మాట కింద చుక్కలు పెట్టి, కళ్ళద్దాల పెట్టెలో దాచుకున్నాను.

అక్క